ఎస్టీపీ నల్లబడింది, ఇంకో పది రోజుల్లో పోర్టు. ఏం చెయ్యాలి?

విభాగం: సముద్ర ఉద్యోగాలు / ఇంజిన్ రూమ్ కబుర్లు

ఉద్దానం ఫోర్త్
శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. బల్క్ క్యారియర్‌లో ఫోర్త్ ఇంజనీర్‌ని. ఫోర్త్‌గా ఇదే మొదటి కాంట్రాక్టు, ఎక్కి రెండు నెలలైంది. ఓడలో మొత్తం 22 మందిమి. మురుగు శుద్ధి ప్లాంటు, అదే ఎస్టీపీ, నా ఖాతాలో ఉంది.

ఐదు రోజులుగా కుళ్లిన కోడిగుడ్డు వాసన. మొదట ఎస్టీపీ పక్కనే వచ్చేది, ఇప్పుడు పై డెక్‌లో క్యాబిన్ల దాకా పాకింది. ఎక్కినప్పుడు గాలి ఊదే ట్యాంకులో నీరు మట్టి రంగులో ఉండేది. ఇప్పుడు తారులా నల్లగా ఉంది. రెండు బ్లోవర్లలో ఒకటి బేరింగ్ పోయి విప్పి పెట్టి ఉంది. రెండోది తిరుగుతోంది కానీ గేజ్‌లో ప్రెషర్ తక్కువ చూపిస్తోంది. క్లోరిన్ టాబ్లెట్లు సరిపడా ఉన్నాయి.

పది రోజుల్లో పోలండ్‌లోని గ్దాన్‌స్క్ చేరతాం. బాల్టిక్ సముద్రం స్పెషల్ ఏరియా అంట కదా, అక్కడ నైట్రోజన్, ఫాస్ఫరస్ కూడా టెస్ట్ చేస్తారని ఎవరో అన్నారు. మా ప్లాంటుకి అంత సీన్ లేదు. ఒకటే టెన్షన్. నా పైన ఉన్న సెకండ్ ఇంజనీర్ గారిని ఇప్పటికే రెండుసార్లు అడిగాను, మూడోసారి అడగాలంటే మొహమాటంగా ఉంది.

సెకండ్ ఆన్ లీవ్
శనివారం, రాత్రి 10:05

ముందు బాల్టిక్ భయం వదిలెయ్ తమ్ముడూ. మురుగు విషయంలో బాల్టిక్ స్పెషల్ ఏరియా నియమం ప్రయాణికుల ఓడలకే. మీది కార్గో. మీకు వర్తించేది మామూలు మార్పోల్ (ఓడల కాలుష్యం మీద అంతర్జాతీయ ఒప్పందం) నాలుగో అనుబంధమే. ఓడ ఏ సంవత్సరంలో కట్టింది? ప్లాంటు మీద ప్లేట్ చూసి ఏ ప్రమాణం రాసుందో చెప్పు.

మొహమాటం మాత్రం వద్దు. మూడోసారి అడిగితే సెకండ్ కసురుకుంటాడేమో. అడక్కపోతే పోర్టులో ఇన్‌స్పెక్టర్ అడుగుతాడు.

పాత చీఫ్
శనివారం, రాత్రి 10:30

బాబూ, ప్లాంటు సంగతి తర్వాత. ఆ ట్యాంకు మ్యాన్‌హోల్ మూత ఎవరూ తెరవకండి. ఈ పోస్టు చదవగానే వెళ్లి మూత మీద కాగితం అంటించి రా.

కోడిగుడ్డు వాసన అంటే హైడ్రోజన్ సల్ఫైడ్. కొంచెం ఉన్నప్పుడు ముక్కు పట్టేస్తుంది. 100 పీపీఎం దగ్గరికి వచ్చేసరికి ముక్కే మొద్దుబారుతుంది. అప్పుడు మనవాళ్లు 'వాసన తగ్గిందండీ' అని సంతోషిస్తారు. ఇంకా పెరిగితే కొద్ది క్షణాల్లో స్పృహ పోతుంది. గాలికంటే బరువు కాబట్టి కిందే పేరుకుంటుంది. నేను థర్డ్‌గా ఉన్న రోజుల్లో మా ఫిట్టర్ ఇలాంటి ట్యాంకు మూత విప్పి, లోపల టార్చి పడిపోయిందని తల దూర్చాడు. అలాగే మోకాళ్ల మీద కూలబడ్డాడు. వెనకున్న మోటార్‌మ్యాన్ బాయిలర్ సూట్ కాలర్ పట్టుకుని లాగాడు కాబట్టి బతికాడు. పర్మిట్ లేదు, గ్యాస్ కొలిచే మీటర్ లేదు. అప్పట్లో అంతే.

మీటర్ లేకుండా, పర్మిట్ లేకుండా, బయట మనిషి లేకుండా ఎవరూ ఆ ట్యాంకు జోలికి వెళ్లొద్దు. దగ్గర్లో సిగరెట్, వెల్డింగ్ కూడా వద్దు, లోపల మీథేన్ ఉంటుంది.

ఇక జబ్బు సంగతి. నీ ప్లాంటు చచ్చిపోయింది. అది యంత్రం అనుకుంటున్నావు, అక్కడే పొరపాటు. అది పెరుగు గిన్నె లాంటిది. మొదటి గదిలో గాలి పీల్చే సూక్ష్మజీవులు మలాన్ని తింటాయి. రెండో గదిలో బురద అడుక్కి దిగుతుంది, దిగిన బురదని ఎయిర్‌లిఫ్ట్ పైపు మళ్లీ మొదటి గదికి పంపుతుంది. ఆ తిరిగొచ్చేదే తోడు. మూడో గదిలో తేరిన నీటికి క్లోరిన్ తగిలి బయటకు పోతుంది. గాలి ఆగితే మంచి జీవులు కొద్ది గంటల్లోనే నీరసిస్తాయి, వాటి చోట గాలి అక్కర్లేని జీవులు పుంజుకుంటాయి. గోబర్ గ్యాస్ గుంతలో పనిచేసేవి అవే. ఊళ్లో గుంతకైతే అవి కావాలి, నీకు అక్కర్లేదు.

చాక్లెట్ రంగు ఉంటే ఆరోగ్యం. నలుపు, కుళ్లు వాసన అంటే గాలి అందలేదనో, ఎవరో విషం పోశారనో అర్థం.

ఉద్దానం ఫోర్త్
శనివారం, రాత్రి 11:15

కాగితం అంటించాను చీఫ్ గారూ. ఓడ 2012లో కట్టింది. ప్లేట్ మీద ఎంఈపీసీ 159(55) అని ఉంది.

విషం అంటే ఏంటండీ?

క్రూజ్ క్యాబిన్
ఆదివారం, ఉదయం 6:20

నేను చెప్తా. మాది హౌస్‌కీపింగ్. పెద్ద క్రూజ్ షిప్పులో ఆరేళ్లు చేశాను. మాకు ట్రైనింగ్‌లో మొదటి రోజే చెప్పే మాట: టాయిలెట్‌లో బ్లీచ్ పొయ్యొద్దు, బలమైన యాసిడ్ పొయ్యొద్దు. మన ఇళ్లలో బాత్రూమ్ తళతళలాడాలంటే వాసన ఘాటుగా రావాలి కదా, ఆ అలవాటు ఓడలో ఎస్టీపీని చంపేస్తుంది. మీ స్టివార్డ్‌ని అడుగు, ఏం వాడుతున్నాడో. కెప్టెన్ ఇన్‌స్పెక్షన్ రోజు ఎంత వాడాడో ప్రత్యేకంగా అడుగు.

సెకండ్ ఆన్ లీవ్
ఆదివారం, ఉదయం 7:00

క్రూజ్ క్యాబిన్ గారు చెప్పింది నిజం. దాంతోపాటు ఇవి చూడు.

బ్లోవర్ తిరుగుతున్నా ప్రెషర్ రావట్లేదంటే బెల్ట్ జారుతోందేమో, సక్షన్ ఫిల్టర్ మూసుకుపోయిందేమో, రిలీఫ్ వాల్వ్ సగం తెరుచుకుని ఉందేమో. ప్రెషర్ మరీ ఎక్కువ చూపిస్తే అది వేరే కథ, ట్యాంకు అడుగున గాలి బుడగలు వదిలే డిఫ్యూజర్లు పూడిపోయినట్టు. ఎయిర్‌లిఫ్ట్ పైపులో బురద తిరిగి వస్తోందా? దాని పారదర్శకపు గొట్టంలో కనబడాలి. కనబడకపోతే బ్యాక్ ఫ్లష్ చెయ్యి.

క్యాబిన్ల దాకా వాసన వస్తోందంటే ప్లాంటు ఒక్కటే కారణం కాకపోవచ్చు. ఖాళీగా ఉన్న క్యాబిన్లలో, హాస్పిటల్ రూమ్‌లో, పైలట్ క్యాబిన్‌లో నేల మీది డ్రెయిన్లు చూడు. ఎవరూ వాడక వాటిలో నీళ్లు ఆరిపోతాయి. ఆ నీటి అడ్డు లేకపోతే పైపులోని గాలి నేరుగా గదిలోకి వస్తుంది. ఒక్కో దాంట్లో చెంబుడు నీళ్లు పొయ్యి. మా ఓడలో ఇదొక్కటి చేస్తే సగం ఫిర్యాదులు పోయాయి. ప్లాంటు వెంట్ పైపు ఫన్నెల్ (ఓడ పొగగొట్టం) దాకా తెరిచి ఉందో లేదో కూడా చూడు.

ఉద్దానం ఫోర్త్
ఆదివారం, సాయంత్రం 5:50

పైలట్ క్యాబిన్ డ్రెయిన్ ఎడారిలా ఉంది. నాలుగు చోట్ల నీళ్లు పోశాను, క్యాబిన్లలో నిజంగానే తేడా తెలుస్తోంది.

బ్లోవర్ బెల్ట్ వదులు. కొత్తది వేశాం, ప్రెషర్ వచ్చింది.

స్టివార్డ్‌ని అడిగాను. 'నేను ఓడ క్లీనరే వాడతాను సార్, మాన్యువల్లో ఉన్నదే' అన్నాడు, డబ్బా చూపించాడు. సూక్ష్మజీవులకు హాని చెయ్యదని దాని మీదే రాసుంది. అతని తప్పు లేదు.

ఇక చెప్పక తప్పదు. విషం పోసింది నేనే. వాసన మొదలైన రోజున, క్లోరిన్ వేస్తే పోతుంది కదా అని టాబ్లెట్లు మొదటి గదిలోకి వేశాను. ఒకటి రెండు కాదు. సగం డబ్బా.

కాకినాడ రేవు
ఆదివారం, సాయంత్రం 6:02

😂😂 తోడు గిన్నెలో ఫినాయిల్ పోశావు తమ్ముడూ

పాత చీఫ్
ఆదివారం, సాయంత్రం 6:30

నవ్వకండి. కుర్రాడు ఒప్పుకున్నాడు. నా సర్వీసులో ఇదే పని చేసి ఒప్పుకోని వాళ్లని ముగ్గుర్ని చూశాను.

ఇప్పుడు చేయాల్సింది విను. సెకండ్‌కి, చీఫ్‌కి ఉన్నది ఉన్నట్టు చెప్పు. లోతు సముద్రంలో ఉన్నారు కదా, టాయిలెట్ లైన్‌ని బైపాస్‌లో పెట్టే ముందు, అంటే ప్లాంటుకి పోకుండా నేరుగా సముద్రంలోకి తిప్పే ముందు, బ్రిడ్జిని (ఓడ నడిపే గదిని) అడగాలి: దగ్గరి నేలకి 12 నాటికల్ మైళ్ల పైన ఉన్నామా, స్పీడ్ 4 నాట్లకి తగ్గలేదు కదా అని. శుద్ధి చేయని మురుగుకి ఆ రెండూ తప్పనిసరి. ట్యాంకులో నిలవ ఉన్నదాన్ని ఒక్కసారిగా కుమ్మరించకూడదు, మెల్లగా పంపాలి. ఎంత మెల్లగా అనేది ఓడ వెడల్పు, డ్రాఫ్ట్ (నీటిలో మునిగిన లోతు), స్పీడ్ బట్టి. ఆమోదించిన పట్టిక మీ ఓడ కాగితాల్లో ఉండాలి.

చచ్చిన సరుకు అంతా అలా ఖాళీ చేసి, మంచినీళ్లతో నింపి ఖాళీ చేసి, మళ్లీ నింపి, గాలి పెట్టి, తోడు వెయ్యి. స్టోర్‌లో సూక్ష్మజీవుల పొడి ప్యాకెట్లు ఉంటాయి. లేకపోయినా టాయిలెట్ నుంచి వచ్చేదాంట్లోనే అవి ఉంటాయి, కాకపోతే ఆలస్యం. వారం నుంచి రెండు వారాలు పడుతుంది. బైపాస్ వాల్వ్‌ని నేల దగ్గరపడకముందే మూసి సీల్ వెయ్యాలి. ఏ టైమ్‌కి తెరిచారు, ఏ టైమ్‌కి మూశారు, అప్పుడు ఓడ ఎక్కడుంది, అన్నీ లాగ్‌లో రాయాలి. ఆయిల్‌కి ఉన్నట్టు మురుగుకి ప్రత్యేకమైన రికార్డు బుక్కు నాలుగో అనుబంధంలో లేదు కదా అని వదిలెయ్యకు.

కాకినాడ రేవు
ఆదివారం, రాత్రి 8:10

నాకో సందేహం. మాది వేట కుటుంబం. మా దగ్గర యాంకరేజ్‌లో బియ్యం ఓడలు రోజుల తరబడి లంగరేసి ఉంటాయి, బార్జిల్లో బస్తాలు వెళ్లి ఎక్కిస్తారు. అక్కడ నుంచి చూస్తే ఊరు కనిపిస్తుంది. 12 మైళ్లు ఎక్కడుంది? స్పీడు ఎక్కడుంది? మరి వాళ్ల దొడ్డి ఎక్కడికి పోతోంది?

సెకండ్ ఆన్ లీవ్
ఆదివారం, రాత్రి 8:45

మంచి ప్రశ్న అన్నా. లంగరేసిన ఓడకి రెండే దారులు. ఆమోదం పొందిన ప్లాంటు పని చేస్తూ ఉంటే దాని నుంచి వచ్చిన నీటిని వదలొచ్చు. ఆ నీటిలో తేలే ముక్కలు కనబడకూడదు, చుట్టూ నీటి రంగు మారకూడదు. కొన్ని పోర్టుల్లో స్థానిక నియమాలు దాన్నీ ఒప్పుకోవు. రెండో దారి, హోల్డింగ్ ట్యాంకులో దాచుకుని ఒడ్డుకి ఇవ్వడం. దానికోసం ప్రపంచంలో ఎక్కడైనా సరిపోయేలా ఒకే కొలత ఫ్లాంజ్ (పైపులు బిగించే చక్రం) పెట్టారు: బయటి వ్యాసం 210 మిల్లీమీటర్లు, నాలుగు బోల్టు రంధ్రాలు. మన దేశంలో పోర్టుకి వ్యర్థాలు అప్పగించడానికి స్వచ్ఛ్ సాగర్ అని పోర్టల్ కూడా ఉంది.

మధ్యలో ఇంకో రకం ఉంది, 3 మైళ్లు దాటితే ముక్కలు నలిపి, మందు కలిపి వదిలే పద్ధతి. లంగరేసిన చోటు 3 మైళ్ల లోపే ఉంటే అదీ పనికిరాదు.

నియమం ఇది. లంగరేసిన ప్రతి ఓడలోనూ ప్లాంటు బతికే ఉందా అంటే, ఈ థ్రెడ్ మొదటి పోస్టు చదువు.

మురుగు మాష్టారు
ఆదివారం, రాత్రి 10:20

మునిసిపల్ ఇంజనీరింగ్‌లో ఇరవై ఏళ్లు మురుగుతోనే బతికినవాణ్ణి, అందుకే ఈ పేరు. ఈ థ్రెడ్ చదువుతుంటే నవ్వు, ఏడుపు రెండూ వస్తున్నాయి. 22 మంది మలానికి ఇంత హంగామా!

లెక్క చూడండి. ఓడలో మామూలు ఫ్లష్ అనుకుని మనిషికి రోజుకి 70 లీటర్లు వేసుకున్నా 1540 లీటర్లు, ట్యాంకర్ లారీలో మూలకి. ఒడ్డున మా లెక్క మనిషికి 135 లీటర్ల నీటి సరఫరా, అందులో 80 శాతం మురుగు. లక్ష జనాభా ఊరికి రోజుకి కోటీ 8 లక్షల లీటర్లు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో ఇచ్చిన లెక్క ప్రకారం మన పట్టణాల్లో రోజుకి 72,368 మిలియన్ లీటర్ల మురుగు పుడితే నిజంగా శుద్ధి అవుతున్నది 20,236. మిగతాది వాగులో, చెరువులో, నదిలో, చివరికి ఇదే సముద్రంలో. మూసీ పక్కన ఉన్నవాళ్లని అడగండి. లోతు సముద్రంలో ఒక ఓడ వదిలేది చేపలకి పలహారం. రూల్స్ అన్నీ ఓడవాళ్లకే ఎందుకండీ?

సముద్రపు నాచు
సోమవారం, ఉదయం 8:15

మాష్టారూ, మీ లెక్క తప్పని అనను. నేను తీర జీవశాస్త్రం చదివాను, ఇప్పుడు స్వీడన్‌లో ఉంటున్నాను, ఈ బాల్టిక్ పక్కనే. మీరు 'సముద్రం' అంటే బంగాళాఖాతం అనుకుంటున్నారు. బాల్టిక్ అలా కాదు. సగటు లోతు 55 మీటర్ల చిల్లర. చుట్టూ తొమ్మిది దేశాలు. డెన్మార్క్ దగ్గర ఇరుకు సందుల్లోంచే బయటి సముద్రపు నీరు రావాలి. మొత్తం నీరు మారడానికి దాదాపు ముప్ఫై ఏళ్లు పడుతుంది. మన భాషలో చెప్పాలంటే అది ఉప్పు కలిసిన పెద్ద చెరువు. ఎండాకాలంలో ఇక్కడ నీటి మీద పచ్చగా నాచు పేరుకుంటుంది, పిల్లల్ని, కుక్కల్ని దిగనివ్వరు. హుస్సేన్ సాగర్ చూసినవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు.

ఆ నాచుకి తిండి నైట్రోజన్, ఫాస్ఫరస్. పాత ప్రమాణాలు రోగాలు తెచ్చే క్రిములు, నీటిలో ఆక్సిజన్ తినేసే సరుకు, తేలే మడ్డి ఇవే చూశాయి. ఫోర్త్ గారి ప్లాంటు ప్రమాణమూ అంతే. క్రిములన్నీ చంపి, నీళ్లు అద్దంలా తేర్చినా అందులో ఎరువు అలాగే ఉండొచ్చు. అందుకే బాల్టిక్‌లో ప్రయాణికుల ఓడలకి అదనంగా నైట్రోజన్ 70 శాతం, ఫాస్ఫరస్ 80 శాతం తగ్గించాలనో, లీటరుకి 20 మిల్లీగ్రాములు, 1 మిల్లీగ్రాము మించకూడదనో పెట్టారు. లేదంటే పోర్టులో ఒడ్డుకి ఇచ్చెయ్యాలి. కొత్త ఓడలకి 2019 జూన్ 1 నుంచి, పాతవాటికి 2021 జూన్ 1 నుంచి. సెయింట్ పీటర్స్‌బర్గ్ వైపు నేరుగా వెళ్లే కొన్నిటికి 2023 దాకా గడువు ఇచ్చారు.

ఇంకో నిజం కూడా చెప్పాలి. బాల్టిక్‌లోకి వచ్చే ఎరువుల్లో ఎక్కువ భాగం పొలాల నుంచి, ఊళ్ల నుంచే. ఓడలది చిన్న వాటా. అయినా పెట్టారు, ఎందుకంటే అన్ని దేశాలూ తమ ఊళ్ల ప్లాంట్లకి డబ్బు పెట్టాక, కళ్లెదుట ఓడలు వదులుతుంటే జనం ఊరుకోలేదు.

మురుగు మాష్టారు
సోమవారం, ఉదయం 9:00

చెరువు అన్నారు చూడండి, అక్కడ ఓడిపోయాను. ఒప్పుకుంటున్నా. బంగాళాఖాతం సంగతి మాత్రం నా మాట మీదే ఉన్నాను.

క్రూజ్ క్యాబిన్
సోమవారం, మధ్యాహ్నం 1:30

మాష్టారి 22 మంది లెక్క కార్గోకి సరే. మా వైపు చూడండి. 2024 జనవరిలో మొదలైన ఐకాన్ ఆఫ్ ది సీస్‌లో నిండుగా 7600 మంది ప్రయాణికులు, 2350 మంది సిబ్బంది. దాదాపు పదివేలు, అంటే తేలుతున్న ఒక మేజర్ పంచాయతీ. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 2008లో క్రూజ్ ఓడల మీద ఇచ్చిన నివేదికలో మనిషికి రోజుకి సగటున 32 లీటర్ల టాయిలెట్ నీరు, 250 లీటర్ల స్నానం, వంటగది, లాండ్రీ నీరు అని ఉంది. ఆ లెక్క పదివేల మందికి వేసుకోండి.

32 లీటర్లే ఎందుకంటే వ్యాక్యూమ్ టాయిలెట్. నొక్కితే 'ధబ్' మని లీటరు నీటితో లాగేస్తుంది. చిన్నపిల్లలు జడుసుకుంటారు. అందులో తడి టిష్యూలు, శానిటరీ ప్యాడ్లు వేస్తే ఒక్కరి దెబ్బకి వరసగా ఇరవై క్యాబిన్లు ఆగిపోతాయి. ఫోన్లు హౌస్‌కీపింగ్‌కి, తిట్లు హౌస్‌కీపింగ్‌కి, పైపు విప్పే ప్లంబర్ మాత్రం ఎవరికీ కనబడడు. ఒకసారి పైపులోంచి పిల్లల సాక్సు, టీవీ రిమోట్ మూత, ఎవరిదో కట్టుడు పళ్ల సెట్టు వచ్చాయి. పళ్ల సెట్టు కావాలని ఎవరూ అడగలేదు.

కోచ్ డిపో
సోమవారం, సాయంత్రం 4:40

కట్టుడు పళ్లు మాకూ దొరికాయి 🙏 రైల్వేలో కోచ్ మెయింటెనెన్స్ నాది. బోగీల కింద డీఆర్‌డీవో తీసుకొచ్చిన బయో టాయిలెట్ ట్యాంకులు ఉంటాయి. మా దగ్గర మీకు పూర్తిగా వ్యతిరేకం. మావి గాలి అక్కర్లేని జీవులే, పాత చీఫ్ గారు చెప్పిన గోబర్ గ్యాస్ జాతి. బ్లోవర్ లేదు, బెల్ట్ లేదు. కానీ శత్రువులు ఒకటే: నీళ్ల సీసాలు, గుట్కా ప్యాకెట్లు, డైపర్లు.

మరి ఓడల్లో కూడా ఇదే పెట్టొచ్చు కదా? కరెంటు ఖర్చు లేదు.

పాత చీఫ్
సోమవారం, సాయంత్రం 5:25

గాలి లేని పద్ధతి మెల్లగా పనిచేస్తుంది, పెద్ద ట్యాంకు కావాలి, వచ్చే గ్యాస్‌ని ఏం చెయ్యాలో చూడాలి. మీ గ్యాస్ బోగీ కింద ఆరుబయట పోతుంది. మా ట్యాంకు నాలుగు పక్కలా ఉక్కు గోడలున్న ఇంజిన్ రూమ్ అడుగున ఉంటుంది. పైగా బోగీ నుంచి వచ్చే నీటికి ఓడకి ఉన్నంత గట్టి పరీక్ష లేదనుకుంటా. మీరే చెప్పాలి.

కోచ్ డిపో
సోమవారం, సాయంత్రం 5:40

ఆ ప్రశ్న దాటేస్తున్నా సార్. పట్టాల మీద నేరుగా పడే రోజులు పోయాయి, మా గ్యాంగ్‌మెన్‌కి అది చాలు.

సముద్రపు నాచు
సోమవారం, రాత్రి 7:15

క్రూజ్ క్యాబిన్ గారి లెక్కలో ఒకటి గమనించారా? టాయిలెట్ నీటికి ఎనిమిది రెట్లు స్నానం, వంటగది నీరు. మార్పోల్ నాలుగో అనుబంధం ప్రకారం 'మురుగు' అంటే టాయిలెట్లు, ఓడ ఆస్పత్రి సింకులు, పశువులు ఉన్న చోటు నుంచి వచ్చేది, వీటితో కలిసిన ఏ నీరైనా. విడిగా పోయే స్నానం నీరు, గిన్నెలు కడిగిన నీరు అందులోకి రావు. వంటగది నూనె, సబ్బు, తిండి రేణువులు ఉన్న ఆ నీటికి ప్రపంచమంతటికీ ఒకే నియమం అంటూ లేదు. అలాస్కా లాంటి కొన్ని చోట్ల సొంత చట్టాలు చేసుకున్నారు. నాకు కోపం వచ్చేది దీని మీద. ఫోర్త్ గారి 22 మంది మీద కాదు.

మురుగు మాష్టారు
సోమవారం, రాత్రి 8:30

దీనిలో మీతోనే ఉన్నాను. ఇంకోటి. ప్రమాణాలు చదివాను ఇవాళ. 1976 నాటి దాంట్లో కోలిఫామ్ (మలంలో ఉండే క్రిములు) 100 మిల్లీలీటర్లకి 250 దాకా ఒప్పుకున్నారు. 2010 నుంచి, అంటే ఫోర్త్ గారి ప్లేట్ మీదున్న 159(55)లో, అది 100, బీఓడీ (ఆక్సిజన్ తినేసే సరుకు కొలత) 50 నుంచి 25కి, మడ్డి 35కి. 2016 నుంచి వచ్చిన 227(64)లో ఒక చిన్న మెలిక ఉంది, దాన్ని రాసినవాడికి దండం పెట్టాలి. లోపలికి వచ్చిన మురుగు ఎంత, బయటకు పోయిన నీరు ఎంత అని నిష్పత్తి వేసి పరిమితిని ఆ మేరకు బిగిస్తారు. అంటే మధ్యలో నాలుగు బకెట్లు నీళ్లు కలిపి 'పలచబడింది, పాసైంది' అనడం కుదరదు. మా వైపు పాలవాడికి పెట్టాల్సిన రూలు.

సెకండ్ ఆన్ లీవ్
సోమవారం, రాత్రి 9:10

కానీ మాష్టారూ, ఆ పరీక్ష ఫ్యాక్టరీలో, కొత్త మోడల్‌కి ఒక్కసారి. తర్వాత పదిహేనేళ్లు ఓడలో అది ఎలా ఉందో నీటి నమూనా తీసి చూసే పద్ధతి నాలుగో అనుబంధంలో లేదు. సర్టిఫికెట్ ఐదేళ్లకోసారి. సర్వేయర్ వచ్చి బ్లోవర్ తిరుగుతోందా, లీకు ఉందా, క్లోరిన్ ఉందా చూసి వెళ్తాడు. అందుకే ఐఎంఓలో (ఐక్యరాజ్యసమితి సముద్ర రవాణా సంస్థ) 2019 నుంచి ఈ అనుబంధాన్నే సవరించాలని, రికార్డు పుస్తకం పెట్టాలని, ప్లాంటు జీవితకాలమంతా పనితీరు నిరూపించాలని చర్చ నడుస్తోంది. మన మీద ఇంకో పుస్తకం రాసే పని పడుతుంది. అయినా రావాలనే అంటాను. పుస్తకం ఉంటే స్పేర్ బేరింగ్ అడిగినప్పుడు ఆఫీసువాళ్లు 'వచ్చే పోర్టులో చూద్దాం' అనలేరు.

మోడరేటర్
సోమవారం, రాత్రి 9:30

తాము పనిచేసే కంపెనీల పేర్లు, ఓడల పేర్లు ఎవరూ రాయలేదు, సంతోషం. అలాగే కొనసాగించండి. కట్టుడు పళ్ల ఫొటో తీసేశాను, క్షమించాలి.

ఉద్దానం ఫోర్త్
గురువారం, రాత్రి 10:50

అప్‌డేట్. చీఫ్ గారికి, సెకండ్ గారికి ఉన్నది చెప్పాను. సెకండ్ గారు ఒక నిమిషం ఏమీ మాట్లాడలేదు. తర్వాత 'సగం డబ్బానా?' అన్నారు. అంతే.

సోమవారం పొద్దున అట్లాంటిక్ మధ్యలో, 13 నాట్ల మీద, బ్రిడ్జి పర్మిషన్ తీసుకుని పట్టిక ప్రకారం మెల్లగా ఖాళీ చేశాం. రెండుసార్లు మంచినీళ్లు నింపి తీశాం. మూత మాత్రం తియ్యలేదు చీఫ్ గారూ, అంతా పంపుతోనే. బయో పొడి రెండు ప్యాకెట్లు వేశాం. నాలుగో రోజు ఇవాళ. నలుపు లేదు, పలచని బూడిద రంగులో ఉంది. నురగ బాగా వస్తోంది. వాసన మట్టివాసనలా మారుతోంది, లేదా నాకు అలా అనిపిస్తోంది.

పోర్టు చేరేసరికి పూర్తిగా కుదరకపోతే ఏం చెయ్యాలి?

సెకండ్ ఆన్ లీవ్
గురువారం, రాత్రి 11:20

కొత్త తోడుకి మొదట్లో తెల్ల నురగ మామూలే, తగ్గుతుంది. రోజూ గాజు సిలిండర్‌లో లీటరు తీసి అరగంట నిలబెట్టు, అడుగున ఎంత బురద దిగిందో రాసుకో. పైన తేటగా, కింద గోధుమ రంగులో విడిపోవడం మొదలైతే దారిలో పడ్డట్టు. నీ ప్లాంటుకి ఎంత ఉండాలో మాన్యువల్లో ఉంటుంది. తీసేటప్పుడు గ్లవ్స్, మాస్కు, కళ్లద్దాలు. తర్వాత చేతులు కడుక్కునే అన్నం తిను, చెప్పక్కర్లేదనుకో.

పోర్టుకి కుదరకపోతే దాచొద్దు. చీఫ్, కెప్టెన్ కలిసి ముందే క్లాస్‌కి (ఓడని తనిఖీ చేసి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ), పోర్టులో ఏజెంట్‌కి రాస్తారు: ప్లాంటు మళ్లీ మొదలుపెట్టాం, ఇంకా సిద్ధం కాలేదు, పోర్టులో హోల్డింగ్‌లో పెట్టి ఒడ్డుకి ఇస్తాం అని. ముందే చెప్పిన లోపం వేరు, ఇన్‌స్పెక్టర్ పట్టుకున్న లోపం వేరు. విప్పి పెట్టిన బ్లోవర్ బేరింగ్ ఆర్డర్ కాగితం ఫైల్‌లో పైనే పెట్టు.

కాకినాడ రేవు
శుక్రవారం, ఉదయం 5:30

తమ్ముడూ, మీ ఓడ ఎప్పుడైనా మా యాంకరేజ్‌కి వస్తే ముందు ఈ థ్రెడ్‌లో చెప్పు. చేపల పులుసు తెస్తా. ప్లాంటు రంగు చూశాకే ఇస్తా.

ఉద్దానం ఫోర్త్
మంగళవారం, మధ్యాహ్నం 3:15

చాక్లెట్ అనలేను కానీ టీ రంగు వచ్చింది. సిలిండర్‌లో బురద దిగుతోంది, పైన తేట. రేపు డెన్మార్క్ దాటి లోపలికి వస్తాం. బైపాస్ వాల్వ్ నిన్న రాత్రే మూసి సీల్ వేశాం, నంబర్ లాగ్‌లో రాశాను. ఒడ్డుకి ఇవ్వడానికి చీఫ్ గారు ఏజెంట్‌కి రాశారు. ఇప్పుడు ఆ 210 మిల్లీమీటర్ల ఫ్లాంజ్ వెతుకుతున్నా. ఇన్వెంటరీలో ఉంది, స్టోర్‌లో లేదు. ఫిట్టర్ గారు అది తన వర్క్‌షాప్ టేబుల్ కింద ఎత్తు కోసం పెట్టుకున్నారని ఇప్పుడే తెలిసింది.